పైపు కంటే ముందు లెక్క

(స్మారకోపన్యాస పాఠం)

సేద్యపు నీటి కోసం జీవితం వెచ్చించిన పెద్దల స్మృతిలో జరిగే సభ ఇది. నీటి పంపకం కంటే ఈ సభకు తగిన విషయం లేదు. ఇక్కడ ప్రతిపాదించదలచినది ఒకే మాట. చిన్న రైతులు కలిసి వాడుకొనే నీటి పథకం నిలవాలంటే, ఎస్టిమేటు రాయకముందే, కొలతల దగ్గరే, లెక్కల దగ్గరే ఆ రైతులు ఉండాలి. ఎవరో గీసి, ఎవరో కట్టి, చివర్లో రైతులకు అప్పగించిన పథకాలు ఎందుకు కుంటుపడ్డాయో చెప్పడానికి కడప జిల్లా ఆరున్నర శతాబ్దాల చరిత్రే సాక్ష్యం.

ఆ చరిత్రకు మొదటి పుట పోరుమామిళ్లలో ఉంది. క్రీ.శ. 1369 నాటి మాట. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు కట్టించాడు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్టు అక్కడి సంస్కృత శాసనం చెబుతుంది. ఆ శాసనం దానధర్మాల పట్టికతో సరిపెట్టుకోలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ వివరించింది. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపి నీటి ఏరు, కట్టకు ఆనుకొని కొండలు, మరీ పొడవు కాని రాతికట్ట, లోతైన గర్భం, దగ్గర్లో రాతిగని, చదునైన పంటనేల, పని తెలిసిన జనం ఆ అంగాల్లో కొన్ని. దోషాల్లో కట్ట ఊటెత్తడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం చేరాయి. మిగిలిన రెండూ లెక్కకు సంబంధించినవి: నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం.

తుంగభద్ర నీటిపై మూడు రాష్ట్రాల మధ్య నడిచిన తగాదాలు తెలిసినవారికి సరిహద్దు దోషం గురించి వేరే చెప్పనక్కరలేదు. నీళ్లకు మించిన ఆయకట్టు అనే దోషమైతే ఈ జిల్లాలో దాదాపు ప్రతి కాలువ చివర కనిపిస్తుంది. అంత తెలివైన జాబితాలోనూ ఒక లోటు ఉంది. రాజున్నాడు, పండితుడున్నాడు, కట్టే పనివారున్నారు. ఆ నీళ్లు మడికి కట్టుకోబోయే రైతు మాత్రం ఆ పన్నెండింటిలో లేడు.

రైతు చేయి పడింది నిర్వహణలో. చెరువు కట్టినవారికీ, మరమ్మతు చూసేవారికీ భూమి శిస్తులో కొంత వదిలిపెట్టే దశబంధం ఇనాములు కడప సీమలో విస్తారంగా ఉండేవి. తూము తీసి మూసే నీరుగంటి, ఏ మడికి ఎంతసేపు పారాలో చెప్పే పెద్దలు, ఏటా కాలువ పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలన్న కట్టుబాటు ఉండేవి. పెన్న, పాపాఘ్ని, చిత్రావతి ఇసుకలోంచి ఊటకాలువలు తవ్వుకొని, వరద వచ్చి పూడ్చినప్పుడల్లా మళ్లీ తవ్వుకొనేవారు. ఎద్దులతో తోడే కపిల బావుల్లోనూ భాగాలుండేవి. అన్నదమ్ములు పంచుకున్న పాత దస్తావేజుల్లో చేనితోపాటు బావిలో నాలుగో వంతు, ఎనిమిదో వంతు అని రాసి ఉండడం రాయలసీమలో అరుదేమీ కాదు. ఎద్దులు కట్టే రోజు ఎవరిదో ఆ వంతే చెప్పేది.

ఈ ఏర్పాటును స్వర్ణయుగంగా చిత్రించడం న్యాయం కాదు. పూడిక తీసే చేతులు ఎక్కువగా దళితవాడలవి, ముందు తడిసే మడులు ఊరి పెద్దలవి. అయినా ఒక లాభముండేది. ఎగువ రైతుకు దిగువ రైతు చాకిరీ అవసరం కాబట్టి, దిగువకు నీళ్లు వదలక తప్పేది కాదు. కుంపిణీ పాలనలో ఆ కట్టుబాటు బలహీనపడింది. దాన్ని బలవంతంగానైనా నిలబెట్టాలని 1858లో మద్రాసు రాజధానికి నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. ఊరి మాటతో జరిగిపోయే పనికి చట్టం కావాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది.

అదే కాలంలో కర్నూలు–కడప కాలువ (కేసీ కెనాల్) వచ్చింది. లండన్ పెట్టుబడితో, ప్రభుత్వం హామీ ఇచ్చిన 5 శాతం వడ్డీతో, 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట, అక్కడి నుంచి 300 కిలోమీటర్లకు పైగా కాలువ. పడవలూ నడుస్తాయి, పొలాలూ పండుతాయి అని సర్ ఆర్థర్ కాటన్ వంటివారు ఆశించారు. గోదావరి డెల్టాలో పనికొచ్చిన ఆలోచన ఇక్కడ బోల్తాపడింది. దారిపొడవునా ఉన్నది ఎక్కువగా నల్లరేగడి. వాన తేమను లోపల దాచుకొని జొన్ననూ, పత్తినీ పండించే నేల అది. దానిపై కాలువ నీళ్లు ఎడాపెడా పారిస్తే బురదవుతుందని రైతుకు తెలుసు. పైగా నీటితీరువా భారం. కంపెనీ నీళ్లు అమ్మజూపింది, రైతు కొనలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ నుంచి కొనేసింది. రైతు మూర్ఖుడు, మార్పు ఇష్టపడడు అని ఆనాటి అధికారులు విసుక్కున్నారు. ఈ నేలకు ఏ నెలలో ఎన్ని తడులు కావాలని కాలువ తవ్వకముందు రైతును ఎవరూ అడగలేదన్నది వారికి తట్టలేదు.

తర్వాతి తరాల్లో ప్రొద్దుటూరు, మైదుకూరు, చాపాడు వైపు అదే కాలువ కింద వరి, పసుపు పండాయి. కేసీ కెనాల్ నీళ్లు ఎప్పుడొదులుతారన్నది ఆ ప్రాంతపు బజారు మాటైంది. రైతు నీళ్లకు అలవాటు పడడానికి పట్టిన ఆ దశాబ్దాలే సంప్రదింపు లేని నమూనాకు చెల్లించిన మూల్యం.

ఇరవయ్యో శతాబ్దపు ప్రాజెక్టుల కథ ఈ సభలో ఉన్నవారికి తెలిసిందే. తుంగభద్ర ఎగువ కాలువ రెండో దశలో జమ్మలమడుగు దగ్గర పెన్నపై మైలవరం జలాశయం, పులివెందుల బ్రాంచి కాలువ వచ్చాయి. ఆపైన చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పైడిపాలెం, గండికోట. గండికోట ఒక్కటే 26.85 టీఎంసీల జలాశయం. దాన్ని నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ఊరు ఊరంతా కదలాల్సి వచ్చింది. మైలవరానికీ, పులివెందుల బ్రాంచికీ మూలమైన తుంగభద్ర జలాశయం 1953లో 130 టీఎంసీలకు పైగా పట్టేది. పూడిక పేరుకొని ఇప్పుడు పట్టేది 105 టీఎంసీల దరిదాపు. ఆ తరిగిన నీటి దెబ్బ ముందు తగిలేది కాలువ చివరి రైతుకే. పులివెందుల బ్రాంచి సరిగ్గా ఆ చివరిది. ప్రొద్దుటూరుకు చెందిన ఎం.వి. రమణారెడ్డి 'రాయలసీమ కన్నీటి గాథ' రాసింది ఈ పంపకాల అన్యాయం గురించే. ప్రాంతాల మధ్య వాటా తేలడం ఎంత ముఖ్యమో, వచ్చిన వాటా ఊళ్లో నలుగురి మధ్య ఎలా తేలుతుందన్నదీ అంతే ముఖ్యం. రెండోదాని గురించి రాసినవారు తక్కువ.

కాలువ రాని చోట రైతు నేల లోపలికి పోయాడు. పులివెందుల, వేంపల్లె, లింగాల వైపు చీనీ, అరటి తోటలు బోరు నీళ్లతో లేచినవే. టెంకాయ చేతిలో పెట్టుకొని పాయింటు చూసే మనిషి, రాత్రంతా మోగే రిగ్గు, తెల్లారేసరికి బూడిదలాంటి రాతిపొడి. ఇంచు నీళ్లు పడితే పండగ, పడకపోతే ఇంకో వంద అడుగులు, లేదంటే ఇంకో పాయింటు. కడప సున్నపురాయి, పలకరాయి పొరల్లో నీళ్లు పగుళ్ల వెంట మాత్రమే ఉంటాయి. పక్కచేలో బోరు ఎందుకు పొంగిందో, ఇక్కడ ఎందుకు ఎండిందో పైనుంచి చూసి చెప్పడం కష్టం. 2004 మే నెలలో, పులివెందుల శాసనసభ్యుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం సేద్యానికి ఉచిత కరెంటు ఫైలుపై పెట్టారు. అప్పుల్లో కూరుకున్న మెట్టరైతుకు అది నిజమైన ఊరట, ఆ మేలును తక్కువ చేయకూడదు. అయితే మోటరు ఆపడానికి ఉన్న ఒక్క కారణం, అంటే కరెంటు బిల్లు, దాంతో పోయింది. నీళ్లు ఎంతున్నాయో తెలియదు, తోడడానికి ఖర్చు లేదు. ఈ రెండూ కలిసినచోట బోరుకు బోరు పోటీ తప్పదు.

ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చింది. అదే ఏడు పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. దేశంలో మరే రాష్ట్రమూ అంత పెద్ద ఎత్తున ఆ పని చేయలేదు. మొదటి ఏళ్లలో కాలువల పూడిక తీయడం, తూములు బాగుచేయడం చురుగ్గా సాగాయి కూడా. కానీ ఆ చట్టం రైతుకు అప్పజెప్పింది ఎప్పుడో గీసి కట్టేసిన కాలువను. ఏ తూము ఎంత ఎత్తున ఉండాలి, ఆయకట్టులో ఎన్ని ఎకరాలు నిజంగా తడుస్తాయి అనే ప్రశ్నలు అప్పటికే సిమెంటులో గడ్డకట్టాయి. తర్వాత ఎన్నికలు వాయిదాలు పడడం, సంఘం అధ్యక్ష పదవి కాంట్రాక్టు పనులకు మెట్టు కావడం వేరే దుస్థితి. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి కావాలంది. ఆ అనుమతి కోసం రిగ్గు ఆగిన సందర్భాలు ఏ ఊళ్లోనైనా వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఈ రెండు చట్టాల పక్కనే, వాటంత పేరు తెచ్చుకోని ఒక ప్రయత్నం సాగింది. ఈ ఉపన్యాసానికి అదే కేంద్రం. నెదర్లాండ్స్ సహాయంతో 1995 నుంచి 2003 వరకు ఏపీవెల్ అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. కడప అందులో ఒకటి. చిన్న, సన్నకారు రైతులు నలుగురైదుగురు కలిసి ఒకే బోరు వాడుకోవాలి, వారు ఒక సంఘంగా ఏర్పడాలి, వాటా సొమ్ము వేసుకోవాలి. ఇలా మూడు వేలకు పైగా ఉమ్మడి బోర్లు పడ్డాయి. కొన్నేళ్లకు ఒక సంగతి బయటపడింది. ఒక బోరు కింది నలుగురు ఎంత బుద్ధిగా పంచుకున్నా, అవతలి గట్టు మీద ఇంకో బోరు పడితే అందరి నీళ్లూ దిగిపోతాయి. నీళ్లకు సర్వే నంబర్లు తెలియవు. ఆ పాఠంతో మొదలైందే రైతు యాజమాన్య భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నీడలో, నంద్యాలలోని బర్డ్స్ సంస్థ కూడలిగా, 2003 నుంచి 2010 వరకు అవే ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో సాగింది. పల్లెను కాకుండా వాగు పరీవాహకాన్ని ప్రమాణంగా తీసుకుంది.

ఈ ప్రాజెక్టు రైతుకు బోరు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. కొలత పరికరాలు ఇచ్చింది. ఊళ్లో ఒకచోట వానమాపకం పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో ఆడవాళ్లు, మగవాళ్లు నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశారు, ఊరి మధ్య గోడమీద అందరికీ కనబడేలా ఎక్కించారు. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన రైతు క్షేత్ర పాఠశాల పద్ధతిని నీటికి మళ్లించి, జూన్ నుంచి ఏడాది పొడవునా నీటి బడి నడిపారు. పలకా బలపం లేని బడి అది. పాఠమంతా చేలోనే.

ఆ పాఠాల్లో ఒకటి దగ్గరగా చూడదగ్గది. 200 లీటర్ల డ్రమ్మును డెలివరీ పైపు కింద పెడతారు. ఒకరు గడియారం పట్టుకుంటారు. డ్రమ్ము 80 సెకన్లలో నిండిందనుకుందాం. సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. కరెంటు 9 గంటలు ఉంటే రోజుకు 81,000 లీటర్లు. ఎకరం చేనుపై ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలబడాలంటే దాదాపు 4,000 లీటర్లు కావాలి. అంటే ఆ బోరు రోజంతా పోస్తే ఒక ఎకరంపై 20 మిల్లీమీటర్ల నీళ్లు. రోజుకు 5 మిల్లీమీటర్లు తాగే ఆరుతడి పంటకైతే నాలుగెకరాలు. 10 మిల్లీమీటర్లు లాగే వరికైతే రెండెకరాలు, అదీ కాలువలో ఇంకకుండా పోతే. ఇంచుల్లో మాట్లాడుకొనే బోరు ఇలా లీటర్లలోకి, లీటర్ల నుంచి ఎకరాల్లోకి వచ్చేసరికి నలుగురి మధ్య మాట తీరే మారిపోతుంది. వరి పెట్టొద్దని ఒకరు ఇంకొకరికి నీతి చెప్పాల్సిన పని ఉండదు. డ్రమ్ము అందరి ముందే నిండింది.

రబీకి ముందు ఇదే లెక్క పరీవాహకం మొత్తానికి వేసేవారు. ఈ ఏడు పడిన వాన ఎంత, భూమిలోకి దిగింది ఎంత, మిగిలి ఉన్నది ఎంత, అందరూ పెట్టాలనుకున్న పంటలకు కావాల్సింది ఎంత. లోటు తేలిన చోట ఫలానా పంట వద్దని ఎవరూ నిషేధం పెట్టలేదు. ఎవరి నిర్ణయం వాళ్లదే. అయినా చాలా చోట్ల వరి మడులు తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయని, తోడకం తగ్గిందని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక గుర్తించింది.

ఉమ్మడి పథకం రూపకల్పనలో ఈ చదువు ఎక్కడ పనికొస్తుందో పులివెందుల తోటల్లో నాలుగు కమతాలను ఊహించుకుంటే తెలుస్తుంది. ముగ్గుపిండితో నేలమీద నాలుగు చేలూ గీస్తారు. బోరున్నచోట రాయి, వంక ఉన్నచోట వేపకొమ్మ. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే ట్యూబు లెవెల్ గొట్టంతో గట్టు గట్టుకూ ఎత్తు కొలుస్తారు. మిట్టన ఉన్నది విధవరాలి చేను అనుకుందాం. ఇంజనీరు కాగితంమీద పైపు దగ్గరి దారిన పోతుంది, ఆమె చేనికి నీళ్లెక్కవు. ఆమె గొట్టం చివర పట్టుకొని నిలబడినప్పుడు మాత్రం ఆ సంగతి పైపు కొనకముందే తేలుతుంది. ఆ తర్వాత వచ్చేవి అసలు ప్రశ్నలు. పైపు ఎవరి గట్టుమీదుగా? గేటువాల్వు ఎక్కడ, దాని తాళం ఎవరి దగ్గర? మోటరు కాలితే వంతు ఎకరాలనుబట్టా, మనుషులనుబట్టా? కౌలుదారుకు మాట ఉంటుందా, చేను యజమానికేనా? ఉన్న బోరే ఎండితే? ఈ ప్రశ్నలకు జవాబులు ముందే రాసుకున్న సంఘం తగాదా వచ్చినా నిలబడుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో బోర్లను పైపులతో కలిపి, బోరు లేని మెట్టరైతుకు కూడా కీలకమైన ఒకటి రెండు తడులు ఇచ్చిన ఊళ్లున్నాయి. కొత్త బోర్లు వేయబోమని వారు స్టాంపు కాగితంమీద రాసుకున్నారు. బోరున్నవారు ఎందుకు ఒప్పుకున్నారంటే, తమ బోరు ఎండినా పక్కబోరు నీళ్లు వస్తాయన్న ధీమా వారికి దొరికింది.

ఇతర దేశాల అనుభవమూ ఇటే చూపిస్తుంది. ఫిలిప్పీన్స్ జాతీయ నీటిపారుదల సంస్థ 1976లో లౌర్ అనే చోట కట్టడానికి ముందే రైతులను కూడగట్టే పద్ధతి మొదలుపెట్టింది. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ దాన్ని దేశమంతటికీ విస్తరించింది. నేపాల్ కొండకాలువలను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు ఇంకా పదునైన నిజం దొరికింది. మట్టీ కొమ్మలతో రైతులే కట్టుకున్న తలకట్లను తీసేసి సిమెంటు కట్టలు కట్టిన కొన్ని చోట్ల, చివరి రైతుకు నీళ్లు తగ్గాయి. ఏటా కట్ట మరమ్మతుకు దిగువవాళ్ల శ్రమ అక్కరలేకపోయేసరికి, వాళ్లకు నీళ్లు వదలాల్సిన అవసరమూ ఎగువవాళ్లకు లేకపోయింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కడప సీమ పాత కట్టుబాట్లు ఎందుకు చితికాయో చెప్పడానికి ఆ ఒక్క పరిశీలన చాలు. మహారాష్ట్రలోని పురంధర్ తాలూకాలో విలాసరావు సాలుంఖే 1970ల్లో నిలబెట్టిన పానీ పంచాయత్ మరో అడుగు వేసింది. నీటి వాటా భూమినిబట్టి కాదు, ఇంట్లో తలలనుబట్టి. తలకు అర ఎకరం. చెరకు నిషేధం. భూమిలేనివారికీ వాటా ఉంది. కడపలో ఆ నియమం ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే చర్చ. అలాంటి నియమం పైపు వేయకముందు పెట్టగలరేగాని, వేశాక పెట్టలేరు.

నీటి బడి పద్ధతి లోపాలను దాచడం సభకు మర్యాద కాదు. ప్రాజెక్టు సొమ్ము ఆగిన తర్వాత చాలా పల్లెల్లో గోడమీది అంకెలు వెలిసిపోయాయి, వానమాపకాలు పాడయ్యాయి. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులు రైతులకు తెలివిడి మిగిలిందనీ, సంస్థ అంతగా మిగల్లేదనీ రాశారు. లెక్క తెలిసినంత మాత్రాన లోభం పోదు. పట్నంలో కూర్చొని తోటలు కౌలుకిచ్చేవారు నీటి బడికి రారు. మూడేళ్లలో ఫలితాలు చూపాలన్న ప్రాజెక్టు గడువులో, పదేళ్లు పట్టే నేర్పు కుదరదు. నీటి బడి ఏ శాఖ కిందికీ రాలేదు. రెవెన్యూకు భూమి కావాలి, విద్యుత్ సంస్థకు కనెక్షన్ కావాలి, సూక్ష్మసేద్యం వారికి డ్రిప్ పరికరం అమర్చిన ఎకరాల లెక్క కావాలి. ఉమ్మడి బోరుకు బాధ్యత ఎవరిదంటే జవాబు చెప్పే కుర్చీ లేదు. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన తెచ్చి, ఊరూరా నీటి బడ్జెట్ వేయాలంది. ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ లెక్కను పల్లెల్లో ముందుగా నేర్చుకున్న రైతులు మాత్రం ఇక్కడివారే.

ఇక మిగిలింది చేయాల్సిన పని. గండికోట, చిత్రావతి, మైలవరం జలాశయాల నుంచి పైపులతో చేలకు నీళ్లిచ్చే మాట ఈ ప్రాంతంలో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. సూక్ష్మసేద్యం రాయితీలు 2003 నుంచి నడుస్తూనే ఉన్నాయి. వీటిలో ఏ ఉమ్మడి పథకానికైనా ఎస్టిమేటుపై సంతకం పెట్టకముందు, ఆ చేల రైతులు, కౌలుదారులు, వారి ఇళ్లలోని ఆడవాళ్లు ఒక వానాకాలం, ఒక రబీ పాటు తమ నీళ్లు తామే కొలిచి, వంతులు తామే రాసుకొని ఉండాలన్న నిబంధనను నీటిపారుదల శాఖ, సూక్ష్మసేద్య అధికారులు చేర్చాలని ఈ వేదిక నుంచి కోరడమైనది. ఆ ఏడాది ఆలస్యానికి అయ్యే ఖర్చు ఒక వానమాపకం, ఒక డ్రమ్ము, నీటిమట్టం కొలిచే ఒక టేపు, వీటిని చూసుకొనే ఒక కార్యకర్త జీతం. వచ్చే జూన్‌లో మొదలుపెట్టదలచిన పల్లెలు తమ పేర్లను సంఘం బాధ్యుల దగ్గర నమోదు చేయించాలి.